సామాజిక మాధ్యమాల్లో అనవసర పోస్టులకు అడ్డుకట్ట

ఢిల్లీలోని కరోల్ బాగ్, పాత రాజేంద్ర నగర్ ప్రాంతాల్లో సివిల్ సర్వీసుల పరీక్షలకు సిద్ధమయ్యే తెలుగు అభ్యర్థులు అనేకులున్నారు. దరఖాస్తు గడువు వంటి ప్రకటన సిఫారసు వీడియోల మధ్య మరుగున పడితే ఏడాది శ్రమ వృథా కావచ్చు.

ఫేస్‌బుక్‌లో మిత్రుల జాబితా నుంచి తొలగించకుండానే ఒకరి పోస్టులను ‘స్నూజ్’ ద్వారా 30 రోజులు నిలిపివేయవచ్చు. ‘అన్‌ఫాలో’ చేస్తే, తిరిగి ఫాలో అయ్యేవరకు అవి ఫీడ్‌లోకి రావు. ఇన్‌స్టాగ్రామ్ 2022 మార్చిలో ప్రవేశపెట్టిన ‘ఫాలోయింగ్’ విభాగంలో, మనం అనుసరించే ఖాతాల పోస్టులు తాజావి ముందుగా కనిపిస్తాయి. ఎక్స్‌లో అక్కరలేని పదాలను ‘మ్యూట్’ చేయవచ్చు. యూట్యూబ్‌లో వీక్షణ చరిత్రను తొలగించి, దాని నమోదును ఆపివేస్తే హోమ్ పేజీలో సిఫారసులు నిలిచిపోతాయి. వాణిజ్య ప్రకటనలు మాత్రం పూర్తిగా తొలగవు.

పరీక్షల సమాచారానికి ఫీడ్‌పై ఆధారపడక, యూపీఎస్‌సీ అధికారిక వెబ్‌సైట్‌ను నేరుగా చూడటమే శ్రేయస్కరం.