వేక్‌ఫీల్డ్ నుంచి ధవళేశ్వరానికి

ఈ దేశానికి వచ్చిన కొత్తల్లో, ఆపరేషనుకి సిద్ధంగా ఉన్న ఒక పెద్దావిడ కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయని మాతో చెప్పింది. ఇంగ్లీషులోనే వైద్యం చదివి పట్టా పుచ్చుకున్న మేము ఒక్క క్షణం తెల్లమొహం వేశాం. ఆవిడకు బెరుగ్గా ఉందని పక్కనున్న నర్సు చెబితే గాని బోధపడలేదు. పాఠాల్లో నేర్చిన ఇంగ్లీషు వేరు, మనుషులు మాట్లాడే ఇంగ్లీషు వేరు. కథల్లోని ఇంగ్లీషు మరీ వేరు.

ఈ తిప్పలు మనతోనే మొదలు కాలేదు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు (1848–1919) ఆలివర్ గోల్డ్‌స్మిత్ నవల 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్'ను తెనిగించడానికి పూనుకున్నారు. 1766లో అచ్చయిన నవల అది. గోల్డ్‌స్మిత్ ఎడింబరోలో వైద్యం చదివినవాడు కనుక మనలోని డాక్టర్లకు దూరపు చుట్టమే! అందులో కథ చెప్పే మతాచార్యుడు తనను తాను మెచ్చుకుంటూ పోతుంటే రచయిత చాటున నవ్వుతుంటాడు. ఆ నవ్వు ఏ నిఘంటువులోనూ దొరకదు. ఒకచోట పట్నం దొరసానులమని చెప్పుకునే ఇద్దరు బడాయి కబుర్లు చెబుతుంటే, బర్చెల్ అనే ఆయన ప్రతి వాక్యం చివరా 'ఫడ్జ్' అంటాడు. ఇప్పుడు మన పిల్లలకు ఫడ్జ్ అంటే మిఠాయి. అక్కడ మాత్రం 'వట్టి కోతలు' అని అర్థం.

పంతులుగారు కొంత అనువదించి మానేశారు. ఇంగ్లీషు రాక కాదు, మాటకు మాట పెడితే ఆ కథ తెలుగువాడికి పరాయిదిగానే మిగులుతుందని కాబోలు. దాని ఛాయ మాత్రం తీసుకుని 'రాజశేఖర చరిత్రము' రాశారు. 1878లో తమ 'వివేకవర్ధని' పత్రికలో ప్రకటించి, 1880లో పుస్తకంగా తెచ్చారు. మన తొలి నవలల్లో అదొకటి. అక్కడ మతాచార్యుడి కొడుకు సంతలో గుర్రాన్ని అమ్మి, వెండి అంచులని నమ్మి పన్నెండు డజన్ల ఆకుపచ్చ కళ్లద్దాలు ఇంటికి తెస్తాడు. ఇక్కడ ధవళేశ్వరపు రాజశేఖరుడు బంగారం చేసిపెడతానన్న బైరాగిని నమ్మి ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. మెరుపు చూసి మోసపోవడం ఒకటే, వేషమే మారింది.

1887లో హచిన్సన్ అనే ఆయన ఈ నవలను లండన్‌లో ఇంగ్లీషు చేశారు. దీనికి పంతులుగారు పెట్టిన మరో పేరు 'వివేకచంద్రిక'. ఇంగ్లీషులో అది 'ఫార్చ్యూన్స్ వీల్' అయింది. మన వెన్నెల అక్కడికి వెళ్లేసరికి చక్రమైంది!

మొన్న కాపెల్‌లో మా ఇంట్లో, అమ్మాయికి ఒక తెలుగు కథ చదివి వినిపిస్తున్నాం. ఒక ముసలమ్మ "నీ కడుపు చల్లగా ఉండ" అని కోడలిని దీవించింది. "ఐస్‌క్రీమ్ తిన్నదా?" అని అడిగింది మా పిల్ల. నవ్వుకున్నాం గాని, లోపల దిగులూ వేసింది. మనకు సీతాకోకచిలుకల సంగతి విప్పి చెప్పడానికి ఆనాడు ఒక నర్సు ఉంది. మన పిల్లలకు చల్లని కడుపు సంగతి మనం కాక ఎవరు చెబుతారు? వారానికి ఒక్క కథ చదివి వినిపిద్దాం. అడ్డుప్రశ్నలు వేస్తే వేయనిద్దాం. పంతులుగారి పుస్తకం పుట్టింది కూడా అలాంటి చిక్కులోంచే కదా.