తాడు లాగేశాక వెనక్కి దారి లేదు!

ఫ్రెండ్స్, తాడు పట్టుకుని జలపాతం మీంచి దిగే రీల్స్ మీరూ చూసే ఉంటారు. దాన్నే రాపెలింగ్ అంటాం. అసలిది ఎలా పుట్టిందో తెలుసా? శిఖరం ఎక్కలేక మధ్యలో వెనక్కి తిరిగిన ఒక మనిషి వల్ల!

1876. ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ పర్వతాలు. షామొనీ గైడ్ జాన్ షార్లే ఒంటరిగా పెటీ ద్రూ శిఖరం ఎక్కబోయి ఆగిపోయాడు. మరి దిగడం ఎలా? ఆయన పద్ధతి సింపుల్. తాడును రాతికి చుట్టి, రెండు కొసలూ కిందికి వదిలి, రెండు పేటలూ పట్టుకుని దిగాలి. దిగాక ఒక కొస లాగితే తాడంతా చేతికొస్తుంది. ఫ్రెంచ్‌లో రాపెల్ అంటే వెనక్కి పిలవడం.

తర్వాత ఇదే కిటుకు కాన్యనింగ్‌కి ఆధారమైంది. అంటే ఇరుకైన కొండలోయలో వాగు వెంట దిగడం. ఇక్కడే ఉంది మెలిక. తాడు లాగేసుకుంటే పైకి దారి మూసుకున్నట్టే. రెండు పక్కలా నిలువు గోడలు. ఇక ముందుకే పోవాలి. అప్పుడు ఎగువన వాన పడితే?

1999 జులై 27న స్విట్జర్లాండ్‌లో ఇంటర్లాకెన్ దగ్గర, సాక్సెటెన్‌బాఖ్ వాగులో అదే జరిగింది. ఎగువన ఉరుముల వాన, ఒక్కసారిగా వరద. 21 మంది చనిపోయారు. అందులో ముగ్గురు గైడ్లే. 2001లో కోర్టు నిర్వాహక సంస్థకు చెందిన ఆరుగురిని దోషులుగా తేల్చింది. అక్కడ తప్పు తాడుది కాదు, ఆ రోజు ఆగకపోవడానిది.

కాబట్టి ఎప్పుడైనా వెళ్తే తాడు గట్టిదేనా అని మాత్రమే అడక్కండి. పైన వాన ఉందా అని కూడా అడగండి. ఉందంటే, డబ్బులు కట్టేసినా సరే, వెనక్కి వచ్చేయండి. షార్లే కూడా 1876లో వెనక్కే వచ్చాడు. 1879లో అదే శిఖరం ఎక్కాడు!