యురేనస్ వలయాలూ, ఒక పేరూ

వాణియంబాడి నుంచి ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కితే కావలూరు వస్తుంది. తమిళనాట ఉన్న మన పాఠకుల్లో కొందరైనా ఆ దారిన వెళ్ళి అక్కడి వేధశాల చూసే ఉంటారు. 1977 మార్చి 10, 11 తేదీల నడిమి రాత్రి అక్కడి 102 సెంటీమీటర్ల దూరదర్శిని తులారాశిలోని ఒక మామూలు నక్షత్రం మీద నిలిచి ఉంది. కంటికి కనిపించేటంత కాంతి లేని ఆ నక్షత్రానికి పేరు కూడా లేదు, జాబితాలో ఒక అంకె తప్ప. ఆ రాత్రి యురేనస్ గ్రహం ఆ నక్షత్రానికి అడ్డు రావలసి ఉంది. జె.సి. భట్టాచార్య, కె. కుప్పుస్వామి దాన్ని చూస్తూ ఉండగా, గ్రహం ఇంకా దగ్గరికి రాకముందే నక్షత్రం కొన్ని సెకండ్ల పాటు మసకబారి మళ్ళీ వెలిగింది. యురేనస్‌కు ఇంతవరకూ తెలియని ఉపగ్రహం ఏదో అడ్డుపడిందని వారు అనుకున్నారు.

అదే సమయంలో కావలూరుకు చాలా దక్షిణాన, హిందూ మహాసముద్రం మీద, పన్నెండు కిలోమీటర్లకు మించిన ఎత్తున ఒక విమానం ఎగురుతోంది. అమెరికా వారి నాసా సంస్థ ఒక సైనిక రవాణా విమానం పొట్టలో 91 సెంటీమీటర్ల దూరదర్శినిని అమర్చి, దానికి కైపర్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడి పేరు పెట్టింది. నక్షత్రం గ్రహం వెనక్కి వెళ్ళేటప్పుడు కాంతి ఎలా సన్నగిల్లుతుందో కొలిస్తే గ్రహం మీది వాతావరణం సంగతి తెలుస్తుంది. వారు వెళ్ళింది అందుకే. గ్రహం ఖచ్చితంగా ఏ నిమిషాన అడ్డు వస్తుందో ఎవరికీ నమ్మకం లేదు కనుక పరికరాలను చాలా ముందే నడపడం మొదలుపెట్టారు. ఆ ముందుజాగ్రత్తే ఫలించింది. గ్రహానికి ముందు నక్షత్రం ఐదుసార్లు రెప్పవేసింది. గ్రహం దాటిపోయాక మళ్ళీ ఐదుసార్లు, అవే దూరాల్లో, అద్దంలో బొమ్మలా. ఉపగ్రహాలు రెండు పక్కలా అంత కొలతగా వరుసకట్టవు. అవి వలయాలు. శనిగ్రహానికి తప్ప మరే గ్రహానికీ లేవని మూడు వందల ఏళ్ళకు పైగా లోకం నమ్మినవి.

ఆ ఏడాది మే నెలలో వెలువడిన 'నేచర్' పత్రికలో ఈ సంగతి ముగ్గురి పేర్లతో వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ ఎలియట్, ఎడ్వర్డ్ డనమ్, మింక్. దాని వెంటనే, అదే సంచికలో, ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి చూసిన వారి వ్యాసం, ఆ తరువాతి పుటలో మన కావలూరు వారి వ్యాసం. ఉపగ్రహం అనుకున్నది వలయమేనని తేలాక భట్టాచార్య, వేణు బప్పు కలిసి కావలూరు కొలతలను మళ్ళీ పరిశీలించి ఆ సంవత్సరమే అదే పత్రికలో మరొకటి రాశారు. వేణు బప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి అక్కడి నిజామియా వేధశాలలో ఉద్యోగి. కావలూరును వేధశాలకు ఎంచి, నిలబెట్టింది ఆయనే. ఆయన గురించి వేరే వ్యాసం కావాలి. ఇప్పుడు చెప్పదలచుకున్నది మూడో పేరు గురించి.

ఆ మింక్ ఇప్పుడు జెస్సికా మింక్. 1951లో అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం లింకన్ పట్టణంలో పుట్టారు. ఇల్లినాయ్‌లో హైస్కూలు చదువు. బోస్టన్ పక్కనున్న ఎమ్.ఐ.టి.లో గ్రహశాస్త్రంలో 1973లో ఒక పట్టా, 1974లో దానిపై పట్టా. 1976లో కార్నెల్‌లో ఉద్యోగం. వలయాలు బయటపడేనాటికి ఇంకా చిన్న వయసే. అప్పటికి లోకం దృష్టిలో ఆమె పురుషుడు. పత్రికలోనూ, పాఠ్యగ్రంథాల్లోనూ ఆ పేరే అచ్చయింది. 2011లో, అరవయ్యవ ఏట, తాను స్త్రీనని బహిరంగంగా చెప్పి, జెస్సికా అనే పేరుతో అదే కొలువులో, అదే పనిలో కొనసాగారు.

ఇటువంటివారిని తమిళనాట తిరునంగై అంటున్నారు, కన్నడసీమలో మంగళముఖి అన్నమాట వినిపిస్తుంది. తెలుగులో మర్యాదగల మాట కోసం ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాం. ప్రస్తుతానికి ట్రాన్స్‌జెండర్ అన్న ఇంగ్లీషు మాటే వాడుకలో ఉంది, అదే వాడతాను. పాత పేరు ఈ వ్యాసంలో రాయడం లేదు. కావలసినవారికి 1977 నాటి పత్రికలో దొరుకుతుంది. మనిషి తానే వదులుకున్న పేరును పనిగట్టుకుని మనం మోయనక్కరలేదు.

ఇక్కడ తెలుగు మనకు ఒక ఉపకారం చేస్తుంది. 1977లో జరిగింది చెప్పేటప్పుడు 'అతను లెక్కకట్టాడు' అనాలా, 'ఆమె లెక్కకట్టింది' అనాలా? ఇంగ్లీషులో రాసేవారు ఈ సర్వనామం దగ్గర తడబడతారు. మనకు 'లెక్కకట్టారు' ఉంది. గౌరవ బహువచనం స్త్రీ పురుష భేదాన్ని పక్కన పెట్టేస్తుంది. కన్నడంలో, తమిళంలోనూ ఇంతే. ఒడియాలో అయితే మామూలు మాటల్లో కూడా క్రియకు లింగం లేదు. మరాఠీలో ఆ వెసులుబాటు లేదు. 'నేను వెళ్ళాను' అని తన గురించి తాను చెప్పుకోవడానికి కూడా ఆడమనిషి ఒక రూపం, మగమనిషి ఒక రూపం వాడాలి. పుణే, షోలాపురాల్లో రెండు భాషల మధ్య పెరిగిన మన పిల్లలకు ఇది వేరే చెప్పనక్కరలేదు. మరాఠీ మాట్లాడే ఒక ట్రాన్స్‌జెండర్ వ్యక్తి నోరు తెరిచిన ప్రతిసారీ తన సంగతి చెప్పేసినట్టే. తెలుగులో దాచుకోవచ్చు. దాచుకోగలగడం సుఖమో కష్టమో మరో ప్రశ్న.

మళ్ళీ పనిలోకి వద్దాం. మింక్ చేసిన పని ఏమిటి? దూరదర్శినిలో కన్నుపెట్టి ఆకాశం చూడడం కాదు. లెక్క, కంప్యూటరు ప్రోగ్రాము. ఏ గ్రహం ఏ నక్షత్రానికి ఎప్పుడు అడ్డు వస్తుంది, ఆ నీడ భూమి మీద ఏ దేశం మీదుగా సాగుతుంది? పంచాంగకర్త గ్రహణం గణించడం వంటిదే, కాని చాలా సన్నటి పని. యురేనస్ మనకు 250 కోట్ల కిలోమీటర్లకు పైగా దూరాన ఉంది. ఆకాశంలో కోణం డిగ్రీకి 3,600 వంతుల్లో ఒకటి, అందులో పదోవంతు తప్పు లెక్కిస్తే చాలు, భూమి మీద నీడ 1,200 కిలోమీటర్లకు పైగా పక్కకు జరుగుతుంది. కావలూరులో కనిపిస్తుందనుకున్నది సముద్రం పాలవుతుంది.

1979లో మింక్ ఎమ్.ఐ.టి.కి తిరిగి వెళ్ళి అక్కడ ఈ పనే సాగించారు. కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలకు చెందిన క్లెమోలా గ్రహాల దారిలో ఉన్న నక్షత్రాల ఛాయాచిత్రాలు తీసి స్థానాలు కొలిచేవారు. మింక్ వాటితో రాబోయే ఏళ్ళకు జాబితాలు తయారుచేసేవారు. యురేనస్, నెప్ట్యూన్, ప్లూటో మూడింటికీ 1985 నుంచి 1990 వరకూ వీరిద్దరి జాబితా 1985లో అచ్చయింది. అందులో ప్లూటోకు ఎనిమిదో నక్షత్రంగా ఉన్నదాన్ని 1988 జూన్ 9న ప్లూటో మరుగుపరచింది. మళ్ళీ ఆ కైపర్ విమానమే ఎగిరింది. నక్షత్రం టక్కున ఆరిపోలేదు, మెల్లగా సన్నగిల్లింది. ప్లూటోకు వాతావరణం ఉందని గట్టిగా తేలింది అప్పుడే. ఆ గ్రహం దూరానికి పైన చెప్పినపాటి తప్పు జరిగితే నీడ రెండు వేల కిలోమీటర్లు తప్పిపోయేది. ప్లూటో అడ్డుకొలత మొత్తం 2,400 కిలోమీటర్లు కూడా లేదు.

ఆవిష్కరణల చరిత్ర రాసేవారు సాధారణంగా విమానంలో కూర్చున్నవారిని తలచుకుంటారు, ఎక్కడికి ఎగరాలో చెప్పినవారిని తలచుకోరు. తిరునాళ్ళకు వెళ్ళినవారు దేవుణ్ణి చూస్తారు, ముహూర్తం పెట్టినవాణ్ణి ఎవరు చూస్తారు?

తరువాతి ఉద్యోగం హార్వర్డ్ పక్కనున్న స్మిత్సోనియన్ ఖగోళ వేధశాలలో. అక్కడ మొదటి పెద్ద పని, 1985లో ఛాలెంజర్ నౌకలో అంతరిక్షానికి వెళ్ళి వచ్చిన పరారుణ దూరదర్శిని కొలతలది. మన పాలపుంత నడిబొడ్డు ధూళి వెనక ఎలా ఉందో ఆ కొలతలతో గీసిన చిత్రణ 1992లో అచ్చయినప్పుడు రచయితల్లో మింక్ ఉన్నారు. ఆ తరువాత రెండు ప్రోగ్రాములు. ఒకటి మైకేల్ కర్ట్జ్‌తో కలిసి చేసింది, 1998లో ప్రకటించారు. గెలాక్సీ కాంతిని రంగులుగా విడదీసి, గీతలు ఎంత జరిగాయో చూసి, అది మన నుంచి ఎంత వేగంగా పారిపోతోందో చెబుతుంది. రెండోది ఏ ఫోటోలో ఏ చుక్క ఆకాశంలో ఏ చోటిదో పోల్చి చెప్పే పనిముట్ల కట్ట. లోకంలో ఎందరో ఖగోళశాస్త్రజ్ఞులు వీటిని రోజూ వాడారు, కొడవలి చేసిన కమ్మరి పేరు అడగని కోతవాళ్ళలాగా. తనను తాను ప్రోగ్రాములు రాసే మనిషిగా, కొలతలను భద్రపరిచే మనిషిగా, స్థానాలు లెక్కించే ఖగోళజ్ఞురాలిగా చెప్పుకున్నారు మింక్.

భద్రపరచడం అన్నమాట దగ్గర కాస్త ఆగాలి. జీవితమంతా ఇతరుల కొలతలు ఎవరివో, ఎప్పటివో, ఏ పేరున వెతికితే దొరుకుతాయో చూసిన మనిషి తన పేరు మార్చుకున్నారు. శాస్త్రలోకంలో మనిషి అంటే ఇంటిపేరూ పొడి అక్షరాలూ. ముప్పయ్యేళ్ళ వ్యాసాలన్నీ పాత పొడి అక్షరాల కింద ఉన్నాయి. కొత్త పేరుతో వెతికినవారికి సగం జీవితం కనిపించదు, పాత పేరుతో వెతికినవారికి మిగతా సగం కనిపించదు. రెంటినీ కలిపి చూపితే, చెప్పుకోవడం ఇష్టం లేనివారి రహస్యం బయటపడుతుంది. మింక్ దాచుకోదలచలేదు, ఆ అనుభవం గురించి సభల్లో, పత్రికల్లో మాట్లాడారు. అందరికీ ఆ ధైర్యం ఉండాలని శాసించలేం, అందరికీ ఆ వయసు, ఆ ఉద్యోగం, ఆ ఊరు ఉండవు. ఆమె బయటపడిన 2011లోనే మసాచుసెట్స్ రాష్ట్రం ఇటువంటివారిని ఉద్యోగంలో, ఇంటి అద్దెలో వేరుగా చూడకూడదని చట్టం చేసింది.

పొడి అక్షరాల బాధ మనకు కొత్తది కాదు. తెలుగువాడికి ముందు అక్షరం ఇంటిపేరు, తమిళుడికి తండ్రి పేరు. మద్రాసులోనో, హోసూరులోనో బడిలో చేర్చేటప్పుడు మన ఇంటిపేరు ఎగిరిపోయి తండ్రి పేరులోని అక్షరం వచ్చి కూర్చుంటుంది. బరంపురం వెళితే ఇంటిపేరు చివరికి పోతుంది. ఒకే తాత మనవలు మూడు రాష్ట్రాల కాగితాల్లో ముగ్గురు పరాయివాళ్ళు. ఆస్తి పంపకం వచ్చినప్పుడు అఫిడవిట్ల మీద అఫిడవిట్లు. మింక్ అనుభవం వేరు, బరువు వేరు, నిజమే. కాని కాగితం మీది పేరుకూ లోపలి మనిషికీ పొసగకపోవడం అంటే ఏమిటో సరిహద్దు మీద బతికేవాళ్ళు కొద్దిగా ఊహించగలరు.

మన దేశంలో తమిళనాడు ప్రభుత్వం 2008లో ట్రాన్స్‌జెండర్ల సంక్షేమానికి ఒక మండలి పెట్టింది. తాము ఏ లింగమో చెప్పుకునే హక్కు వారిదేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న తీర్పిచ్చింది. 2019లో చట్టం వచ్చింది. తీర్పులో ఉన్నంత విశాలత చట్టంలో లేదని వారే అభ్యంతరం చెప్పారు. కలెక్టరు కచేరీలో ధ్రువపత్రం పుచ్చుకుంటే తప్ప ఆ గుర్తింపు కాగితం మీదికి రాలేదు.

మింక్ ఒక్కరే అనుకోనక్కరలేదు. సూర్యుడి వంటి నక్షత్రానికీ, గురుడి వంటి గ్రహానికీ నడిమి రకం వస్తువు ఒకటి ఉండాలని లెక్కలు చెప్పినా చాలాకాలం దొరకలేదు. 1995లో మనకు 19 కాంతి సంవత్సరాల దూరాన ఒక చిన్న నక్షత్రం పక్కన దాన్ని నిర్ధారించిన బృందంలో కాలిఫోర్నియాలో అప్పుడు విద్యార్థిగా ఉన్న ఆపెన్‌హైమర్ ఒకరు. హుబ్బళ్ళిలో పెరిగిన శ్రీనివాస్ కులకర్ణి కూడా ఆ బృందంలోనివారే. ఆ ఆపెన్‌హైమర్ 2014లో రెబెక్కా అయ్యారు. న్యూయార్కులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలలో ఖగోళ విభాగంలో పనిచేశారు.

వలయాల పేర్ల సంగతి చెప్పలేదు. ఎలియట్ బృందం తమకు కనిపించిన ఐదింటికి గ్రీకు అక్షరాలు పెట్టింది: ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఎప్సిలాన్. పెర్త్ వారు తమ రెప్పపాట్లకు అంకెలు వేసుకున్నారు. కొన్ని రెండు జాబితాల్లోనూ ఒకటే అయ్యాయి, కొన్ని కాలేదు. తరువాత మధ్యలో ఇంకొకటి బయటపడి ఈటా అయింది. ఎవరూ సరిచేయలేదు. అందువల్ల ఈనాటికీ గ్రహం నుంచి బయటికి లెక్కిస్తే 6, 5, 4, ఆల్ఫా, బీటా, ఈటా, గామా, డెల్టా అనే విచిత్రమైన వరుస. 1986లో వాయేజర్, ఆ తరువాత హబుల్ చూసినవాటితో మొత్తం 13 అయ్యాయి. మన పాత పుస్తకాలు కొన్ని యురేనస్‌ను వరుణుడన్నాయి, హిందీవారికి వరుణుడంటే నెప్ట్యూన్.

జేమ్స్ ఎలియట్ 2011 మార్చిలో పోయారు. కైపర్ విమానం 1995లోనే విశ్రమించింది. మింక్‌కు కంప్యూటరు కాక మరో వ్యసనం ఉంది, సైకిలు. అమెరికా తూర్పు తీరం పొడవునా, ఉత్తరాన మెయిన్ నుంచి దక్షిణాన ఫ్లోరిడా కొస వరకూ, 4,800 కిలోమీటర్లు సైకిలు మీదా కాలినడకనా వెళ్ళే దారి ఒకటి వేయాలని 1991లో కొందరు తలపెట్టారు. మసాచుసెట్స్ తరఫున అందులో మొదటినుంచీ పనిచేసినవారు ఆమె. ఆ దారి ముక్కలు ముక్కలుగా వేస్తూ వచ్చారు.