పరిశ్రమ చోటు వెదుక్కునే తీరు

"మన కరీంనగర్‌కు కంపెనీలు ఎందుకొస్తలేవు సార్?" అని ఒక విద్యార్థి నన్నడిగాడు. 2020లో ఊళ్లో ఐ.టి. టవర్ తెరిచారు. అయినా ఆ తరగతిలో సగంమంది చూపు హైదరాబాదు మీదనే వుంది. నేను సాహిత్యం చెప్పేవాణ్ణి. కాని ఈ ప్రశ్నకు జవాబు చరిత్రలో వుంది కనుక తప్పించుకోలేకపోయాను.

ప్రకృతి వసతులున్న చోటికే పరిశ్రమ వస్తుందని సాధారణంగా చెబుతారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. గోదావరికి ఈవల, నిర్మల్‌కు పొరుగున వున్న కోనసముద్రంలో ఒకప్పుడు మేలిరకం ఉక్కు తయారయ్యేది. దానికోసం పర్షియా వర్తకులు అంతదూరం వచ్చేవారు. ఇనుపరాయి, కర్రబొగ్గుకు అడవి, తరతరాల కమ్మరి పనితనం - మూడూ అక్కడ కలిశాయి. కొలిమిని అక్కడ నిలిపినవాడు శ్రామికుడే.

కాగజ్‌నగర్ కథ వేరు. సిర్పూరు కాగితపు మిల్లు 1938లో ఏర్పడి, 1942లో ఉత్పత్తి మొదలుపెట్టింది. కొత్తపేట అనే పల్లె కాగజ్‌నగర్ అయింది. ఆదిలాబాదు అడవుల్లో వెదురు, పెద్దవాగులో నీరు, బెల్లంపల్లిలో బొగ్గు వున్నాయి కనుక మిల్లు వచ్చిందంటారు. కాని వెదురూ వాగూ వేల యేండ్లుగా అక్కడే వున్నాయి గదా! మిల్లు అంతకుముందెందుకు రాలేదు? కాజీపేట - బలార్షా రైలుమార్గం వచ్చింది. 1929లో నిజాం ప్రభుత్వం పారిశ్రామిక ట్రస్టు నిధి పెట్టింది. అడవి మీద సర్కారు అధికారం బిగిసింది. అప్పుడే వెదురు "ముడిసరుకు" అయింది. మిల్లు లేస్తున్న రోజుల్లోనే, 1940లో, ఆ జిల్లాలోనే జోడేఘాట్ వద్ద కొమరం భీం నేలకొరిగాడు. అడవి ఎవరిదన్న ప్రశ్న మీదనే ఆ పోరాటం. ఈ రెండు సంఘటనలనూ వేరువేరు పుస్తకాల్లో చదువుకోవడం మనకు అలవాటైంది.

వచ్చిన మిల్లు నిలిచిందా? అక్కడి సిర్‌సిల్క్ 1985లో మూతపడింది. కాగితపు మిల్లులో 2014లో ఉత్పత్తి ఆగింది. 2018లో జె.కె. పేపర్ దాన్ని తీసుకున్నది. అదీ ప్రభుత్వం రాయితీలిచ్చిన మీదట. నడుమ నాలుగేండ్లు వెదురు అక్కడే వుంది, వాగూ పారుతూనే వుంది. పెట్టుబడికి కాళ్లున్నాయి, ఎటైనా పోగలదు. క్వార్టర్స్‌లో సంసారం పెట్టుకున్న కార్మికుడు ఎటు పోతాడు?

ఇప్పటి కంప్యూటరు పరిశ్రమకు వెదురు అక్కరలేదు, బొగ్గూ అక్కరలేదు కనుక అది ఎక్కడైనా వుండవచ్చునన్నారు. తీరా అది ఒకే నగరంలో గుమిగూడింది. కారణం వెదకడం కష్టం కాదు. హైదరాబాదులో 1967లోనే ప్రభుత్వరంగాన ఇ.సి.ఐ.ఎల్. ఏర్పడింది. రక్షణ ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు ప్రజల డబ్బుతో లేచాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరవడానికి ముందే అక్కడ చదువుకున్న మనుషులు, పనితనం పోగై వున్నాయి. ప్రజాధనం దున్నిన పొలంలో ప్రైవేటు పెట్టుబడి విత్తు చల్లింది. ఈ పరిశ్రమకు ముడిసరుకు చదువుకున్న మనిషి. ఆ ముడిసరుకు మన పల్లెల నుంచి రోజూ బస్సెక్కి పోతూనే వుంది.

రాయితీలివ్వకపోతే ఒక్క కంపెనీ కూడా రాదని కొందరు మిత్రులంటారు. రాయితీలిస్తే రావచ్చు. కాని రాయితీ కోసం వచ్చినవాడు, అది తీరిన నాడు మూటగట్టుకోడని హామీ ఏమిటి? భవనం కట్టినంత మాత్రాన పరిశ్రమ వేళ్లూనదు. కోనసముద్రంలో ముందు పనితనం వుంది, తర్వాత వర్తకుడు వచ్చాడు. మన ప్రభుత్వ కళాశాలలకు అధ్యాపకులు, ప్రయోగశాలలు కావాలని అడగడం, వచ్చే ప్రతి రాయితీకీ ఉద్యోగ భద్రత షరతు పెట్టమనడం - ఇవే మనం ముందుగా చేయవలసిన పనులని నా అభిప్రాయం.

"కంపెనీలు ఎందుకొస్తలేవు" అన్న ఆ విద్యార్థితో నేను చివరికి ఇంతే అన్నాను: ఏ షరతుల మీద రావాలో నిర్ణయించేది ఎవరని అడుగు. అసలు చరిత్ర అక్కడ మొదలవుతుంది.