ఎఱుకతో గనిన కల



కలలో పులి తఱుముకొని వచ్చుచున్నది. ప్రాణభయముతో పరుగెత్తబోయిన కాళ్లు సాగవు. కేక వేయబోయిన నోరు పెగలదు. అట్టి క్షణమున మనస్సులో నెట్లో ఒక మాట మెదలును: "ఇది కల, నేను నా మంచముమీద పరుండి యున్నాను." అంతట భయము తొలగును. కొందఱు వెంటనే మేల్కొందురు. మఱికొందఱు మేల్కొనరు, కలలోనే నిలిచి, వెనుకకు తిరిగి, ఆ పులిని చక్కగా చూతురు. నిద్ర చెడలేదు, కల చెదరలేదు. అయినను ఎఱుక కలిగినది. ఈ యనుభవము మీలో కొందఱికైన నొకమారు కలిగియే యుండును. 1913లో ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ అను డచ్చి వైద్యుడు తన కలలను ఏండ్ల తరబడి వ్రాసి యుంచుకొని, వానిలో ఇట్టివానిని వేఱుపఱచి, ఎఱుకగల కలలను పేరును ప్రచారమునకు దెచ్చెను.

ఈ విషయము మన పెద్దలకు క్రొత్తది కాదు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకునితో, పురుషునకు ఇహలోక మొక స్థానము, పరలోక మొక స్థానము, ఆ రెంటి సంధియందున్న స్వప్నము మూడవ స్థానమని చెప్పెను. ఆ సంధిలో నిలిచినవాడు ఈవలి లోకమును ఆవలి లోకమును గూడ చూచునట. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యమున ఈ సంధిస్థానమును విచారించి, స్వప్నసృష్టి మాయామాత్రమని తేల్చిరి. పతంజలి మహర్షి స్వప్నజ్ఞానమును ఆలంబనముగా గొని చిత్తమును నిలుపవచ్చునని సూత్రించెను. మన పండితులు ఆ సంధిని గూర్చి ఇట్లు విచారించుచుండగా, మన తూర్పుకనుమల కొండలలో నొక జాతివారు ఆ సంధిలో కాలిబాట వేసికొని నడచుచుండిరి. వారి చరిత్రయే నేటి నా ప్రసంగవిషయము.

అనంతగిరి ఘాటు నెక్కి అరకులోయ చేరినవారికి సంతలో కొండదొరలు, భగతులు, వాల్మీకులు, పోర్జలు, గదబలు కనబడుదురు. అచ్చటి గ్రామములలో దిసారి యనువాడు కాలనిర్ణయము చేసి విత్తులకును పండుగలకును మంచి దినము చెప్పును. వారిలో గదబల యొక శాఖవారి గుతోబు భాష మన తెలుగునకు చుట్టము కాదు. అది ముండా భాషాకుటుంబమునకు జెందినది. ఆ కుటుంబములోనిదే యగు మఱియొక భాష, అదే కనుమల వరుసలో ఈశాన్యముగా, సీతంపేట, పర్లాకిమిడి, గుణుపురము కొండలలో వినబడును. అదియే సవర భాష. సవరలనిన మనకు తెలియనివారు కారు. నీలమాధవుని మొదట గొలిచినవాడు సవర నాయకుడైన విశ్వావసువని పురీ క్షేత్రకథ చెప్పుచున్నది గదా!

సవరల మాటను మొదట శ్రద్ధతో ఆలకించిన తెలుగువాడు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. 1863లో జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన ఆయన, సవరలను ఇంటికి పిలిపించుకొని వారివలన భాష నేర్చెను. జ్వరభూయిష్ఠములైన ఆ కొండలలో తిరిగి, మితిమీరి క్వయినా సేవించుటవలన వినికిడి పోగొట్టుకొనెను. చెవి పోయినను చెవితో పట్టిన భాష పోలేదు. తెలుగు లిపిలో సవర వాచకములు వ్రాసెను. సవర బాలురకు వారి భాషయందే చదువు చెప్పించెను. 1931లో సవర భాషావ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును అచ్చయ్యెను. వ్యావహారికభాషా వాదమున ఆయనతో ఏకీభవింపని నావంటి గ్రాంథికులు సైతము ఈ కృషికి తల వంచక తప్పదు. అటుపిమ్మట 1940 దశకమున వెరియర్ ఎల్విన్ ఆ కొండలలో సంచరించి, సవరల మతమును గూర్చిన పెద్ద గ్రంథమును 1955లో ప్రకటించెను. 1970 దశకమున పియర్స్ విటెబ్‌స్కీ అను ఆంగ్ల విద్వాంసుడు వారి భాష నేర్చి వారితో కలిసి జీవించి, 1993లో నొకటి, 2017లో నొకటి గ్రంథములు వెలువరించెను. నేను చెప్పబోవున దంతయు వీరు చూచి వ్రాసినదే.

సవరలలో దేవతలతోను మృతులతోను మాటలాడువానిని కుడన్ అందురు. స్త్రీ యైనచో కుడన్‌బోయి. ఈ పదవి తండ్రి యిచ్చినది కాదు, గ్రామము ఎన్నుకొనినది కాదు, కలలో వచ్చినది. బాల్యమునందే ఆ పిల్లకు కలలు మొదలగును. పాతాళలోకమునుండి ఒక వరుడు వచ్చి తన్ను వివాహమాడుమని కోరును. ఆమె ఒల్లననును. వరుడు మానడు. ఆమెకు జబ్బు చేయును, తిండి సహింపదు, మతి చలించినట్లు తిరుగును. తుదకు ఇంటివారు ఒప్పుకొని, గ్రామస్థుల యెదుట ఆ కనబడని వరునకిచ్చి వివాహము చేయుదురు, జబ్బు కుదురును. ఆమె పిమ్మట ఈ లోకమునను మఱియొక పురుషుని పెండ్లాడవచ్చును, బిడ్డలను కనవచ్చును. అయినను రాత్రివేళ ఆవలి సంసారము ఆవలిదే. అచ్చటను ఆమెకు బిడ్డలు గలరు. భర్త వారిని తీసికొనివచ్చి పాలిప్పించుకొని పోవునని ఎల్విన్‌తో స్త్రీలు చెప్పిరి.

ఇది వినినప్పుడు మనకు ఉషాపరిణయము స్ఫురించును. ఉష కలలో అనిరుద్ధుని వరించెను. చిత్రరేఖ చిత్రపటములు వ్రాసి చూపగా అతనిని గుర్తించెను. కల, కలలోని వరుడు, ఆ కలకు చిత్రము, ఈ మూడును సవరలయందు గలవు. కాని ఉష కల ఒక్కమారు వచ్చి నెఱవేఱి ముగిసినది. సవరపిల్లకు కల మొదటి పాఠము మాత్రమే.

ఆమె చదువంతయు కలలోనే జరుగును. తనకు ముందు ఆ విద్య నేర్చి మరణించినవారు వచ్చి, నిటారుగా దిగిపోవు కష్టమైన దారిలో ఆమెను వెంటబెట్టుకొని మృతుల లోకమునకు గొనిపోయి చూపుదురు. ఏండ్లు గడచును. అంతట నొకనాడు, రాత్రి తనంత తాను వచ్చుచుండిన ఆ ప్రయాణమును ఆమె పట్టపగలు, నలుగురి నడుమ, తన ఇచ్చవచ్చినప్పుడు చేయగలుగును. కాళ్లు చాచి కూర్చుండి, పూర్వపు కుడన్‌బోయిలను పేరుపేరున పిలుచుచు పాడును. పాట సాగి సాగి తల వ్రాలును, కాలుసేతులు బిగిసికొనును. ప్రక్కనున్నవారు వానిని వంచి సరిచేయుదురు. అప్పుడామె నోట మృతుని మాట వెలువడును.

ఆ మాటకు చుట్టునున్న చుట్టములు బదులు చెప్పుదురు. నాకు వైద్యము ఎందుకు చేయింపలేదని మృతుడు నిలదీయును. చేతనైనంత చేసితిమని వారు ఏడ్తురు. పొలము పంపకము, తీఱని అప్పు, ఆడుకొనిన నిష్ఠురపు మాట, అన్నియు బయటికి వచ్చును. ఇట్టి సంభాషణ ఒకనాటితో ముగియదు. ఏండ్లపాటు పలుమారులు జరుగును. మొదట తన రోగమును బ్రతికియున్నవారికి అంటించునని భయపెట్టిన మృతుడు, క్రమముగా చల్లబడి, ఇల్లు కాపాడు పితృదేవత యగును. మనము శ్రాద్ధమంత్రములతో పితరులను తృప్తిపఱచుదుము. వారు వాదించి, ఏడ్చి, ఒప్పించి తృప్తిపఱచుదురు.

ఇక చిత్రములు. వీనిని ఇడితాల్ అందురు. గోడమీది వ్రాత యని యర్థము. మన ప్రాచీనులును చిత్రమును "వ్రాయుట" యనియే అనుచుండిరి గదా! ఎఱ్ఱమట్టితో అలికిన గోడపై, కొన నలిపిన పుల్లతో, బియ్యపుపిండి నీటితో తెల్లని బొమ్మలు వ్రాయుదురు. అది ఒక దేవతకో మృతునకో ఇల్లు. ఏమి వ్రాయవలెనో పెక్కుమారులు కలలోనే ఆదేశ మగును. లోపమున్నచో మరల కలలో తెలియును. ఆ గోడలపై ఎల్విన్ ఏమి చూచెను? నెమళ్లు, చెట్లు, గుఱ్ఱములు, ఏనుగులు మాత్రమే కాదు. తుపాకి పట్టినవారు, రైలుబండి, సైకిలు, విమానము. పాతాళములోని వరుడు సైతము సవర కాదు. మంచి బట్టలు కట్టిన హిందువు, దొరవంటివాడు. కల గాలిలో మొలవదని దీనివలన తెలియుచున్నది. పన్ను గోరు అధికారి, అప్పు వ్రాసికొను షావుకారు, అడవిని హద్దు కట్టిన ప్రభుత్వము, వీరందఱును పగటివేళ సవరను నేలకు వంచిరి. రాత్రి ఆ దొరతనమునే సవరపిల్ల పెండ్లాడి, దాని బలమును తన గ్రామపు రోగులకొఱకు తెచ్చికొనెను. గ్రంథములు లేని జాతి తన చరిత్రను గోడమీదను కలలోను వ్రాసికొనినది.

ఇది మొదట చెప్పిన ఎఱుకగల కలయేనా? తొందరపడి ఔననరాదు. పులి కలలో "ఇది నిజము కాదు" అనుటయే ఎఱుక. కుడన్‌బోయి యట్లనదు, ఆ లోకము ఆమెకు నిజము. కాని తాను ఎచ్చటికి పోవుచున్నదో, ఎందుకు పోవుచున్నదో, ఎట్లు తిరిగి రావలెనో ఆమె ఎఱుగును. కల ఆమెను ఈడ్చుకొనిపోదు. ఆమెయే కలలోనికి నడచును. ఒకచో ఎఱుక కలను కలగా గుర్తించును. ఇంకొకచో ఎఱుక కలను దారిగా వాడుకొనును. రెండింటికిని మూల మొకటే: నిద్రవంటి స్థితిలోను మనిషి తన్ను తాను మఱవకుండుట.

పాశ్చాత్య శాస్త్రజ్ఞులు ఈ ఎఱుకను చాలకాలము నమ్మలేదు. నిద్రించువాడు "నాకు తెలియును" అని ఎట్లు చెప్పును? 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అజెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు సమయము గలదనియు, కలలు విశేషముగా అప్పుడే వచ్చుననియు కనుగొనిరి. ఆ సమయమున కాలుసేతులు స్తంభించియుండును. కన్నులు మాత్రము కదలును. దీని నాధారముగా గొని 1975లో ఇంగ్లండులోని హల్ నగరమున కీత్ హర్న్ అను పరిశోధకుడు ఒక ఉపాయము పన్నెను. కలలో ఎఱుక కలిగినంతనే కన్నులను ఎడమకు కుడికి ఇన్నిమారులు త్రిప్పవలెనని ముందే ఏర్పాటు చేసికొనిరి. నిద్రించుచున్నవాడు అట్లే త్రిప్పెను; యంత్రము గీత గీసెను. పిదప అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ దానినే స్వతంత్రముగా నిరూపించెను. 2021లో నాలుగు దేశముల పరిశోధకులు ఇంకొక అడుగు వేసి, కల గనుచున్నవానిని ఎనిమిదిలో ఆఱు పోగా ఎంత యని అడుగగా, అతడు నిద్రలోనే కన్నులు రెండుమారులు త్రిప్పి బదులు చెప్పెనని ప్రకటించిరి.

బడిపంతులునగుటచే ఆ లెక్క విని నేను సంతోషించితిని. అయినను ఒక మాట. మేల్కొన్నవారు ప్రశ్నింపగా, నిద్రవంటి స్థితిలోనివారు బదులు చెప్పుట సవర కొండలలో యంత్రములు లేనినాడే జరుగుచుండెను. కుడన్‌బోయి స్థితియు, కన్నులు కదలు నిద్రయు ఒకటే యని నేననను. ఆమె అవయవములు సడలవు, బిగియును. ప్రయోజనము సైతము వేఱు. అచ్చట ప్రశ్న లెక్క. ఇచ్చట ప్రశ్న దుఃఖము.

1936వ సంవత్సరము సవరలకు గుర్తుంచుకొనదగినది. ఆ యేట ఒరిస్సా రాష్ట్ర మేర్పడి, పర్లాకిమిడి అందులో చేరెను. సవర కొండలు రెండు రాష్ట్రముల పాలయ్యెను. రామమూర్తిగారు ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ యేటనే మంగై గొమాంగో అను సవర పండితుడు, 24 అక్షరములు గల సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని తన జాతికి ప్రసాదించెను. అది దర్శనములో లభించినదని వారి విశ్వాసము. ఒక్కొక్క అక్షరమున నొక్కొక్క దేవత గలదట. అంతవఱకు అక్షరము షావుకారి చేతిలోనిది. ఇక సవర చేతిలోనిది.

కాని ఆ అక్షరములు వ్రాయనేర్చిన తరమువారు కుడన్‌బోయి మాటను వినుట మానుచున్నారు. విటెబ్‌స్కీ మొదట పోయిననాడు ఊరూర మృతులతో సంభాషణ జరుగుచుండెను. ఒక్క తరములో యువకులలో పెక్కుమంది బాప్టిస్టు క్రైస్తవమునో, సంస్కరింపబడిన హిందూమతమునో స్వీకరించిరి. కారణములును స్పష్టములే: బడి, వైద్యము, చదివిన వానికి కలుగు గౌరవము, మేకలకును మద్యమునకును తగులు వ్యయము తప్పుట. వారిని తప్పుపట్టుటకు మనకు అధికారము లేదు. ఆ గౌరవమును వారి పూర్వాచారమునకు నాడు మనము ఈయలేదు. కాని వృద్ధస్త్రీ మరణించినపుడు, పాతాళపు దారి నేర్పుటకు శిష్యురాలు లేకపోయిన, ఆ దారి ఆమెతోనే మూసికొనిపోవును. పాటలను యంత్రములలో పట్టవచ్చును. కలలో నేర్చు విద్యను కల గనువారు లేక నిలుపజాలము.

గ్రామపెద్దలారా! మీలో కొండలకు చేరువనున్నవారు పలువురు గలరు. సంతకు దిగివచ్చిన వృద్ధురాలు తనకు వచ్చిన కలను చెప్పినపుడు మూఢత్వమని నవ్వకుడు. ఆమె అనుమతించినచో, ఆమె మాటలలోనే, ఒక్క పుటయైనను వ్రాసి యుంచుడు. పర్లాకిమిడి బడిపంతులొకడు వినికిడి పోవునంతవఱకు విని వ్రాయుటచేతనే ఆ భాషకు నిఘంటువు నిలిచినది. వినికిడి గల మనము ఆ మాత్రము వినలేమా?