పడిగె మీది బొమ్మ, పుస్తకంలోని బొమ్మ

మన సాహిత్య విమర్శ పిల్లల కథలను అప్పుడప్పుడైనా పట్టించుకున్నది కాని, ఆ కథల పక్కనున్న బొమ్మలను దాదాపు పట్టించుకోలేదు. అక్షరమే అసలు విషయమనీ, బొమ్మ అలంకారమనీ మనవాళ్ల ఊహ. కాని చదువు రాని పిల్లవాడు మొదట చదివేది బొమ్మనే. ఆ బొమ్మలో ఎవరి ఇల్లు, ఎవరి అడవి కనిపిస్తుందన్నది కేవలం సౌందర్య సమస్య కాదని నా అభిప్రాయం.

పిల్లల పుస్తకాల బొమ్మలకు బహుమానాలివ్వడం ఆధునిక ఆచారం. అమెరికా గ్రంథాలయ సంఘం, ఇంగ్లీషు చిత్రకారుడు రాండాల్ఫ్ కాల్డెకాట్ పేరిట 1938 నుంచి పతకం ఇస్తున్నది. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అంతర్జాతీయ బహుమానం రచయితలకు 1956లోనే మొదలైనా, చిత్రకారులకు 1966లో గాని ఆరంభం కాలేదు. 1976లో అది సోవియట్ చిత్రకారిణి తత్యానా మావ్రినాకు వచ్చింది. పుష్కిన్ కథలకూ, రష్యన్ జానపద కథలకూ ఆమె వేసిన బొమ్మల ధాటి ఎక్కడిది? రైతులు కొయ్యమీద వేసుకున్న రంగుల చిత్రాలనుంచీ, సంతల్లో అమ్మిన చవక అచ్చుబొమ్మలనుంచీ వచ్చినదే. విశాలాంధ్ర దుకాణాల్లో సోవియట్ బాలల పుస్తకాలు కొన్న తెలుగు కుటుంబాలకు ఆ సంప్రదాయం పరిచయమే. ప్రభుత్వమే ప్రచురించినందువల్ల ఆ పుస్తకాలు సామాన్యుడికి అందే ధరకు దొరికాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవడంతో ఆ రాక ఆగిపోయింది.

ఇక మన సంగతి. 1947 జూలైలో మద్రాసులో మొదలైన "చందమామ"కు చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య వంటి సమర్థులు బొమ్మలు వేశారు. విక్రమార్కుడు భేతాళుణ్ణి భుజాన వేసుకుని నడిచే శంకర్ చిత్రం ఎరగని పాఠకుడు లేడు. ఆయనకు పద్మశ్రీ 2021లో ప్రకటించారు. అప్పటికి ఆయన చనిపోయి నెలలయింది. వారి ప్రతిభను నేను తక్కువ చేయడం లేదు. అయితే వారికి దొరికిన కథల్లో అడవి చాలావరకు రాజకుమారుడు దాటిపోయే చోటు. అక్కడే పుట్టి పెరిగినవాడి ఊరు కాదు.

అడవిని తమ ఊరుగా చూపినవారు మధ్యప్రదేశ్‌లోని గోండు పర్ధాన్లు. బానా వాయిస్తూ గోండుల వంశగాథలు పాడడం వీరి వృత్తి. పోషణ క్షీణించి వారిలో అనేకులు కూలీలయ్యారు. 1980ల మొదట్లో పాటన్‌గఢ్ యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ భోపాల్ చేరి, పాటలోని దేవతలను కాగితం మీదికి తెచ్చాడు. పేరొచ్చింది, దేశాలు పిలిచాయి. 2001లో జపానులో ఒక మ్యూజియం కోసం బొమ్మలు వేస్తూ, అక్కడే ఆత్మహత్య చేసుకున్నాడు. కీర్తి వేరు, భద్రత వేరు అని దీనివల్ల తెలుస్తున్నది. ఆయన బంధువు భజ్జూ శ్యామ్ రాత్రి కాపలాదారుగా, ఎలక్ట్రీషియన్‌గా బతికినవాడు. అతడూ, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి కలిసి వేసిన "ది నైట్ లైఫ్ ఆఫ్ ట్రీస్" అనే పుస్తకాన్ని చెన్నైలోని తారా బుక్స్ 2006లో, నల్లని చేతి కాగితం మీద చేత్తోనే అచ్చువేసి ప్రచురించింది. 2008లో దానికి బొలోన్యా బాలల పుస్తక ప్రదర్శనలో న్యూ హొరైజన్స్ బహుమానం వచ్చింది. చిత్రకారుల పేర్లు అట్టమీద ఉండడం చిన్న విషయం కాదు. కాని చేతి అచ్చు పుస్తకం ఖరీదైనది. గోండు కూలీ బిడ్డ దాన్ని కొనగలదా?

ఈ ప్రశ్న కొత్తగూడకు కూడా వర్తిస్తుంది. 2016లో వరంగల్ జిల్లా నుంచి మహబూబాబాదులో కలిసిన ఈ ఏజెన్సీ మండలం కోయలది. కోయభాష గోండీకి దగ్గరి చుట్టం. పర్ధాన్లలాగే కోయలకూ డోలీలనే గాయకులున్నారు. వారు విప్పి పాడే పడిగె మూడు కోణాల గుడ్డ. దానిమీద గోత్రపు పుట్టుక, వీరుల కథ, జంతువులు, వేల్పులు బొమ్మలుగా ఉంటాయి. దాన్ని బొమ్మల పుస్తకమనడానికి నాకు సంకోచం లేదు. సమ్మక్క సారలమ్మల గాథ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2025లో ఆయన కన్నుమూశాడు. పాడేవాడు పోతే పడిగె మీది బొమ్మకు అర్థం చెప్పేవాడు పోయినట్టే.

పండితులు పడిగెలను సేకరించడం మంచిపనే. కాని అద్దాల బీరువాలో ఉన్న పడిగె కోయ బిడ్డ చేతికి రాదు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా 8 ఆదివాసీ భాషల్లో ప్రాథమిక బోధన ఆరంభించింది. అంటే బిడ్డ మాటకు బడిలో చోటుండాలని ప్రభుత్వమే ఒప్పుకున్నది. ఆ మాట పక్కన ఆ బిడ్డ జాతి బొమ్మకూ చోటుండాలి. డోలీకి కూలి ఇచ్చి, అతని పేరు అట్టమీద వేసి, సోవియట్ పుస్తకమంత చవకగా అచ్చువేయాలి. దీనికి కావలసింది బొలోన్యా న్యాయనిర్ణేతల అనుగ్రహం కాదు, బడ్జెట్టులో ఒక పద్దు. దాన్ని అడగవలసినవాళ్లు ఉపాధ్యాయ సంఘాలూ, విద్యార్థి సంఘాలూను.