సూరత్ మీదుగా వచ్చిన పోపు ప్రతినిధులు: ‘వికార్ అపోస్తలిక్’ పదవి నేపథ్యం

సూరత్: కథోలిక శ్రీసభలో పీఠాధిపతి తన మేత్రాసనాన్ని స్వీయాధికారంతో పాలిస్తారు. మేత్రాసనం ఇంకా ఏర్పడని ప్రాంతాలను మాత్రం పోపు తన పేరిట పాలించే ప్రతినిధికి అప్పగిస్తారు. ఆ ప్రతినిధిని ‘వికార్ అపోస్తలిక్’ అని, ఆయన పరిధిని ‘వికారియత్’ అని వ్యవహరిస్తారు. 17వ శతాబ్దంలో ఈ పదవి ఆసియాకు విస్తరించిన చరిత్రలో గుజరాత్‌లోని సూరత్ రేవుకు, తెలుగు తీరానికి కూడా స్థానం ఉంది.

పదవి అవసరం ఎందుకు కలిగింది?

పోపులు ఇచ్చిన అనుమతుల మేరకు తూర్పు దేశాల పీఠాధిపతులను ప్రతిపాదించే హక్కు పోర్చుగల్ రాజుకు ఉండేది. ‘పద్రవాదో’గా పేరొందిన ఈ ఏర్పాటు వల్ల రాజు ప్రమేయం లేకుండా కొత్త మేత్రాసనాన్ని నెలకొల్పడం రోమ్‌కు కష్టమైంది. 1622లో పోప్ 15వ గ్రెగొరీ స్థాపించిన ‘ప్రొపగాండా ఫిదే’ మండలి దీనికి మార్గాంతరం కనుగొంది. మేత్రాసనాలకు బదులు వికారియత్‌లను ఏర్పాటు చేసి, అక్కడికి పంపినవారికి ఎన్నడో అంతరించిన ప్రాచీన నగరాల పీఠాధిపతులుగా బిరుదులు ఇచ్చింది. పేరుకు ఆ నగరం, పాలనకు ఈ ప్రాంతం!

గోవా బ్రాహ్మణ కుటుంబంలో జన్మించిన మతేవుస్ ద కాస్త్రో 1637లో బీజాపూర్ రాజ్యానికి వికార్ అపోస్తలిక్‌గా నియమితులయ్యారు. గోవాలోని పోర్చుగీసు అధికారులు ఆయన అధికారాన్ని అంగీకరించలేదు.

సూరత్ ప్రాధాన్యం

సూరత్ మొగలుల రేవు. ఆంగ్లేయులు, డచ్చివారు అక్కడ వర్తక స్థావరాలు నెలకొల్పారు. లిస్బన్ ఓడలను, గోవాను తప్పించుకోదలచిన మతప్రచారకులకు అది అనువైన ద్వారమైంది. పారిస్ విదేశీ మిషన్ల సంస్థ స్థాపకులలో ఒకరైన పియర్ లంబేర్ ద లా మోత్ 1660 నవంబరులో మార్సెయ్ నుంచి బయలుదేరి, పర్షియా మీదుగా సూరత్ చేరారు. అక్కడి నుంచి దక్కను దాటి మచిలీపట్నంలో ఓడ ఎక్కి, 1662లో సయాం రాజధాని అయుత్తయ చేరుకున్నారు. సహస్థాపకుడు ఫ్రాన్స్వా పాలూ కూడా ఇదే బాట పట్టారు. మూడో సహచరుడు ఇన్యాస్ కొటొలెండి చైనాలోని నాన్‌కింగ్‌కు నియమితులయ్యారు. గమ్యం చేరకుండానే 1662 ఆగస్టు 16న మచిలీపట్నం ప్రాంతంలోని పాలకొల్లులో మరణించారు.

మొగలు రాజ్యానికి 1696లో నియమితులైన కార్మెలైట్ సభ్యుడు పీటర్ పాల్ సూరత్‌లోనే కన్నుమూశారు. 1720లో బొంబాయిలోని ఆంగ్లేయ పాలకులు పోర్చుగీసు గురువులను తొలగించి, అక్కడి చర్చిలను కార్మెలైట్ వికార్‌కు అప్పగించారు. దాంతో ఈ వికారియత్ కేంద్రం బొంబాయిగా స్థిరపడింది.

ప్రతినిధికీ ప్రతినిధి

దారిలోనో, పదవిలోనో వికార్ మరణిస్తే పాలన ఎవరిది? వార్త రోమ్‌కు చేరి, కొత్త నియామకం జరగడానికి ఆ రోజుల్లో ఏళ్లు పట్టేది. అందుకే ఉపప్రతినిధి అయిన ‘ప్రొ-వికార్’ కీలకమయ్యారు. 1983 నాటి శ్రీసభ చట్టంలోని 420వ నిబంధన ప్రకారం, వికార్ బాధ్యతలు స్వీకరించిన వెంటనే ప్రొ-వికార్‌ను నియమించాలి. పదవి ఖాళీ అయితే, రోమ్ వేరే ఏర్పాటు చేయనంతవరకు పాలన ఆయనదే. దౌత్య బాధ్యతలతో ఢిల్లీలో ఉండే పోపు రాయబారి ‘నున్షియో’కు ఇటువంటి ప్రాంతీయ పాలనాధికారం ఉండదు.

నేటి పరిస్థితి

విశాఖపట్నం 1850లో, హైదరాబాద్ 1851లో వికారియత్‌లయ్యాయి. 1886లో పోప్ 13వ లియో భారతదేశంలో క్రమబద్ధమైన పీఠాల వ్యవస్థను ఏర్పరచడంతో ఈ రెండూ మేత్రాసనాలుగా మారగా, బొంబాయి అగ్రపీఠమైంది. ఒకప్పుడు పోపు ప్రతినిధులకు మజిలీగా నిలిచిన సూరత్ నేడు 1966లో ఏర్పడిన బరోడా మేత్రాసనంలో భాగం.